బావ అందరికీ చెప్పేశాడు

బస్టాండులో మైకు పట్టుకుని బస్సుల వేళలు చెప్పే బావకి గుట్టు అంటే ఏమిటో తెలియదు. ఇంటి విషయమైనా, ఒంటి విషయమైనా ఊరందరికీ వినిపించాల్సిందే. జుట్టుకు రంగు వేసుకున్న రోజున వీధి మొదట్నుంచే "ఇది రంగండీ, సొంత నలుపు కాదు, గమనించగలరు!" అని చెప్పుకుంటూ వచ్చాడు.

ఆయన బావమరిది దర్జీ. ఆడవాళ్ల నడుము కొలత పైకి చదవడానికి కూడా మొహమాటపడి కాగితం మీద రాసి చూపించే మనిషి. అలాంటివాడికి మూడు వారాలుగా దొడ్డికి వెళ్లినప్పుడల్లా ఎర్రటి చారలు కనిపిస్తున్నాయి. రక్తమేనేమోనని భయం. భార్యకే చెప్పలేకపోయాడు, ఇక డాక్టరు ముందు ఆ మాట నోటితో ఎలా అంటాడు?

ఒకరోజు పొద్దున్నే బావ కొట్లోకి ఊడిపడ్డాడు. లోపల బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు నలుగురున్నారు.

"ఒరేయ్! ఇవాళ నా విరేచనం ఎర్రగా వచ్చిందిరా!"

దర్జీ చేతిలో కత్తెర కిందపడింది. "బావా, మెల్లగా!"

"మెల్లగా ఎందుకు, నేనేమైనా దొంగతనం చేశానా? డాక్టరమ్మ దగ్గరికి పోవాలి. నాకు భయంగా ఉంది, తోడు రా!"

ఆసుపత్రి వరండాలోనూ అదే గోల. పక్కనున్న పెద్దాయన "ఎందుకొచ్చావు బాబూ?" అనడమే ఆలస్యం, బావ రంగుతో సహా వర్ణించాడు.

"నాకూ అదేనయ్యా!" అన్నాడు పెద్దాయన, తప్పిపోయిన తమ్ముడు దొరికినంత సంబరంగా. ఎదురు బెంచీ మీద ముసలమ్మ "నాకు నాలుగు నెలల్నుంచి మలబద్ధకం" అంటూ అందుకుంది. కాసేపట్లో వరండా అంతా గలగలలాడింది. దర్జీ తల వంచుకుని కూర్చున్నాడు గానీ, చెవులు మాత్రం అటే ఉన్నాయి.

లోపల డాక్టరమ్మ అడిగింది: "నిన్న ఏం తిన్నారు?"

"బీట్‌రూట్ అమ్మా. రెండు పూటలా!"

ఆమె నవ్వాపుకుంది. "దాని రంగే అయ్యుంటుంది. అయినా పరీక్ష చేయిద్దాం."

బావ చటుక్కున లేచాడు. "నా పని అయింది. వీడితో మాట్లాడండి" అని తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. దర్జీ ఒక్క గుక్కలో చెప్పేశాడు: "మూడు వారాలుగా రక్తం పడుతోందమ్మా."

బావ పరీక్షలో ఏమీ లేదు. దర్జీకి మాత్రం రెండ్రోజుల తర్వాత గొట్టంతో పేగు చూసి, లోపల పెరిగిన చిన్న కండ తీసేశారు. "మంచి పని చేశారు, తొందరగా వచ్చారు. ముదిరితే ప్రమాదమయ్యేది" అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో దర్జీ నిలదీశాడు. "నీకు బీట్‌రూట్ వాసనే పడదు కదా బావా?"

బావ అటూ ఇటూ చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించాడు. "ఆమధ్య మా బాత్రూములో నీ తర్వాత వెళ్లింది నేనేరా. నువ్వు నీళ్లు సరిగ్గా కొట్టలేదు."

దర్జీ బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

వంటగదిలోంచి అక్క కేకేసింది. "ఏంటా గుసగుసలు? ఎవరికేమైంది?"

"నాకేనే!" బావ గొంతు పెంకులెగిరేలా మోగింది. "మొత్తం నాకే!"