స్క్రూడ్రైవర్ పెట్టి విన్న పాట

మొన్న శనారం జనగామల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, ఇనుండ్రి. నవ్వితే నవ్వుండ్రి గని, మా ఇంటామె స్వరూప ముంగట మాత్రం మళ్ల యాది చెయ్యకుండ్రి!

మా బిడ్డ మిన్నుకు మూడున్నరేండ్లు. చెవులు మంచిగ వినవడ్తయి, అన్నీ సమజైతయి, మాట మాత్రం రాదు. "నాయినా అను బిడ్డా" అని నేను రోజూ బతిమాలుత. చూస్తది, నవ్వుతది, పోతది. దవాఖానల డాక్టరేమో మాటల ట్రైనింగ్‌తోపాటు మ్యూజిక్ థెరపీ గూడ పెట్టియ్యమన్నడు. ఇదివరకు గిసొంటియి హైదరాబాద్‌ల ఉంటయని ఇంటుంటిమి. ఇప్పుడు జనగామకే శనారం శనారం ఒక మేడమ్ వస్తున్నది. భూపాలపల్లి దిక్కు నుంచి గూడ పిల్లల్ని తీస్కొస్తున్నరు.

ఆమె డోలు కొట్టుకుంట పాడి మాటలు నేర్పుతదట. నాకైతే నమ్మకం లేదు. డోలు కొడితే మాటలొస్తయా? గట్లయితే మా తరిగొప్పుల పెండ్లి బ్యాండుకు ఊరంత ఉపన్యాసాలు ఇయ్యాలె గదా!

మొదటి శనారం నేను గూడ లోపల్నే కూసున్న. మేడమ్ చిన్న డోలు ముంగట పెట్టుకొని "కొట్టు, కొట్టు, కొట్టు..." అని పాడుకుంట కొట్టి, గభాల్న చేతులు పైకి లేపి మిన్ను మొఖం చూస్తది. మిన్ను "ఆగు" అనాలె. గదే ఆట. మిన్ను అంటలేదు. నేను ఊకుంటనా? "ఆగు!" అని నేనే అన్న. మళ్ల కొట్టింది. మళ్ల నేనే అన్న. ఆ పొద్దు జవాబులన్నీ నాయే!

మేడమ్ మెల్లగ అన్నది: "సార్, మీకు మాటలు బాగనే వస్తున్నయి. వచ్చే వారం నుంచి బయట కూసోండి."

స్వరూప లోపల, నేను బయట! గప్పటి సంది మొదలైంది నా అనుమానం. తలుపెందుకు మూస్తరు? మేడమ్ ఫోన్ చూసుకుంట కూసుంటదా? స్వరూపను అడిగితే "మంచిగనే ఐతున్నది" అంటది, ఇంకేం చెప్పది. ఇద్దరు కలిసిపోయిన్రా ఏంది?

నేను బాయికాడి నీళ్ల మోటర్లు బాగుచేసే మెకానిక్‌ను. స్క్రూడ్రైవర్ కొన మోటరుకు ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకున్ననంటే లోపల బేరింగ్ ఎట్లున్నదో ఇప్పకముందే చెప్త. నడిచే మోటరు ఉన్నట్టుండి సప్పుడు బంద్ చేసిందంటే కాలినట్టే లెక్క.

జేబుల స్క్రూడ్రైవర్ ఉండనే ఉన్నది. కొన తలుపుకు ఆనిచ్చిన, పిడి చెవికి పెట్టిన. గూడూరు నుంచి మనుమన్ని తీస్కొచ్చి పక్కన కూసున్న అవ్వ అడిగింది: "ఏం కొడుకా, తలుపు ఖరాబైందా?"

"చెక్ చేస్తున్న అవ్వా!"

లోపల డోలు మోగింది. కొట్టు, కొట్టు, కొట్టు... బంద్! పాట లేదు. మాట లేదు. ఎంతసేపు చూసినా లేదు! మోటరు కాలింది అనుకున్న. తలుపు నూకి లోపల వడ్డ.

"ఏంది మేడమ్ గిది? పాటంటిరి, థెరపీ అంటిరి, తలుపు మూసుకొని ఊకెనే కూసుంటరా?"

మేడమ్ చేతులు ఇంక పైననే ఉన్నయి. స్వరూప నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. మిన్ను పెదవులు జర తెరుసుకొని ఉన్నయి. కోపంల నాకు గవేం కనవడలే. "పనులన్నీ ఇడిసిపెట్టి బస్సెక్కి వచ్చేది గిందుకేనా..." అని అందుకున్న.

మిన్ను నా దిక్కు తిరిగింది. చెయ్యి లేపింది.

"ఆగు!"

నేను ఆగలే! "నువ్వుండు బిడ్డా, నేను మాట్లాడుతున్న గదా" అని మళ్ల మేడమ్ మీద వడ్డ.

"ఆగు!" అన్నది మిన్ను, ఈసారి కాలు నేలకు తన్ని.

గప్పుడు ఎలిగింది నాకు. స్క్రూడ్రైవర్ కింద వడ్డది. అబద్ధమెందుకు, అందరి ముంగట ఏడ్చిన.

"మేము ఊకె కూసోలేదు సార్" అన్నది మేడమ్. "పాట ఆపి జాగ ఇస్తేనే పిల్ల అందుల తన మాట పెడ్తది. మీరు ఆ జాగనే ఇస్తలేరు."

స్వరూప కండ్లు తుడుసుకుంట అన్నది: "పెండ్లయినకాడి నుంచి నేను గదే మాట మొత్తుకుంటున్న. ఒక్కనాడన్న ఆగినవా?"

ఇప్పుడు ఇంట్ల స్టీలు గిన్నె కొట్టుకుంట "ఈయనెవరు, ఈయనెవరు..." అని పాడుతున్న. మేడమ్ చెప్పినట్టు, పాడి, నోరు మూసుకొని మనసుల పది లెక్కవెట్టాలె. "నాయినా" అంటదేమోనని పాణమంత కండ్లల్ల పెట్టుకొని చూస్త. నాలుగు అంకె వచ్చేవరకే నా నోరు ఉరుకుతది. మిన్ను చెయ్యి లేపుతది: "ఆగు!"

నా బిడ్డకు వచ్చింది ఒక్కటే మాట. దానికి రోజంత పని నేనే పెడ్తున్న!