పెద్దకర్మ కార్డులో మా సుజాత పేరు

దెయ్యాలుంటే ముందు నా షాపుకే రావాలని నవ్వుతూ అనేవాణ్ణి. నూజివీడులో ఇరవై రెండేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఈ చుట్టుపక్కల పోయినవాళ్లలో చాలామంది పెద్దకర్మ కార్డులు నా చేతి మీదుగానే వెళ్లాయి. ఒక్కరూ తిరిగొచ్చి అక్షరదోషం ఉందని అడగలేదు. కాబట్టి ఇది చదివి మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

మా పాత కార్డులన్నీ పాతికేళ్లనాటి విండోస్‌లో, అప్పటి తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. కొత్త కంప్యూటర్లో తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే. మొన్న వేసవిలో ఆ పాత కంప్యూటర్ కాలిపోయింది, హార్డ్ డిస్క్ మాత్రం బతికింది. దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి, చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ కన్సోల్లోకి ఎక్కించాను. అరచేతిలో ఆ పాత విండోస్ లేచి కూర్చుంటే చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. నలభై ఎనిమిదేళ్లొచ్చాక ఆటబొమ్మలేంటని మా ఆవిడ ఎగతాళి చేసింది.

అందులో టైపు చేయడం నరకం. కీబోర్డు ఉండదు. తెర మీద అక్షరాల పట్టీ వస్తుంది, బటన్‌తో ఒక్కో అక్షరం దగ్గరికీ జరుపుకుంటూ వెళ్లి నొక్కాలి. పైగా ఆ పాత ఫాంట్‌కి ఏ కీ నొక్కితే ఏ తెలుగు అక్షరం పడుతుందో మా షాపులో నాకొక్కడికే తెలుసు. పొరపాటున ఎవరి చెయ్యో తగిలి ఒక పేరు పడటం జరగని పని.

మా చెల్లెలు సుజాత భర్త వెంకట్రావు నా దగ్గరే పని నేర్చుకుని, నా ఎదురుగానే షాపు పెట్టాడు. మామిడి పెట్టెల లేబుళ్ల పని మొత్తం అటు పోయింది. నాకు కడుపు మండింది, దాచుకోవడం ఎందుకు. ఒక మధ్యాహ్నం విస్సన్నపేట నుంచి ఇద్దరు వ్యాపారులు వచ్చి కూర్చుంటే కన్సోల్ తీశాను. పెద్దకర్మ కార్డు ఎవరూ కొత్తగా తయారు చేయరు. అంతకుముందు పోయినవాళ్ల కార్డు తెరిచి పేరు మారుస్తారు. అలాగే ఒకటి తెరిచి, అరగంట సేపు బటన్లు నొక్కి, కీర్తిశేషులు అన్నచోట మా బావ వెంకట్రావు పేరు పెట్టాను. ముగ్గురం పడీపడీ నవ్వాం. సేవ్ చేయకుండానే ఆపేశాను.

నాలుగో రోజు బాపులపాడు నుంచి ఎవరో కార్డు పని మీద వచ్చారు. మోడల్ చూపిద్దామని అదే ఫైలు తెరిచాను. బావ పేరు లేదు, అసలు కార్డులో ఉన్న పాత పేరూ లేదు. ‘పుణ్యస్త్రీ శ్రీమతి సుజాత గారు’ అని ఉంది, ఇంటిపేరుతో సహా. పెద్దకర్మ తేదీ కూడా ఉంది. దానికింకా మూడు వారాల పైనే ఉంది.

ఆ నాలుగు రోజులూ కన్సోల్ నా సొరుగులో ఉంది, తాళం నా జేబులో ఉంది. కాపీ చెడిందేమోనని హార్డ్ డిస్క్ నుంచి మళ్లీ ఎక్కించాను. మళ్లీ అదే పేరు, అదే తేదీ. ఫైలు చెరిపేశాను.

మర్నాడు పొద్దున సుజాత వచ్చింది. రెండు షాపుల మధ్య మాటల్లేకపోయినా తను మాత్రం రావడం మానలేదు. ఆవకాయ కాయలు కొట్టించుకుని, ఆ సంచీతో మెట్లెక్కి, ఆయాసపడుతూ కూర్చుంది. నాలుగు రోజులుగా ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పింది.

"ఆయన షాపు మూసి రేపే విజయవాడ తీసుకెళ్తానంటున్నారన్నయ్యా. సీజన్లో మూస్తే ఎలా? నువ్వేమంటావు?"

వెళ్లమనే మాట నోటిదాకా వచ్చింది. వెళ్లమంటే ఆ కార్డుని నమ్మినట్టు. పైగా ఆ మాట ముందు అన్నది బావ. పొగరనండి, మొండితనమనండి.

"మీ ఆయనకి అన్నిటికీ కంగారే. గ్యాస్ అయ్యుంటుంది. సీజన్ అయ్యాక చూద్దాంలే," అన్నాను.

తను తేలికపడి వెళ్లిపోయింది. నా మాటంటే దానికి వేదం.

పది రోజుల తర్వాత సుజాత వాళ్ల షాపులో లేబుళ్లు కట్టలు కడుతూ పడిపోయింది. ఆస్పత్రికి చేర్చేలోపే పోయింది.

మూడో రోజు బావ నా షాపు మెట్లెక్కాడు, ఐదేళ్లలో మొదటిసారి. ఆ కార్డు తన చేత్తో చేయలేనన్నాడు. అతను చెబుతుంటే కొత్త కంప్యూటర్లో టైపు చేశాను. పదకొండో రోజు మంగళవారం వచ్చిందని పంతులుగారు ఒక రోజు జరిపారట. ఆ జరిపిన తేదీయే నేను ముందు చూసింది.

చివర ‘ఇట్లు’ దగ్గర బావ ఆగాడు.

"నీ పేరు కూడా పెట్టు బావా. నీ మాటంటే దానికి గురి. ఎంత బతిమాలినా ఆస్పత్రికి రాలేదు. అన్నయ్య గ్యాసేనన్నాడుగా అంది."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నా పేరు నేనే టైపు చేసుకున్నాను.

ఆ ఫైల్లో చెల్లెలి పేరు ఎవరు పెట్టారో, ఆ తేదీ ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. కంప్యూటర్లు బాగా తెలిసిన ఇద్దర్ని అడిగాను, నా వంక జాలిగా చూశారు. బావకి ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు. చెబితే, ముందే చూసి కూడా దాన్ని విజయవాడ వెళ్లకుండా ఎందుకాపావని అడుగుతాడు. ఆ ఒక్కదానికే నా దగ్గర సమాధానం ఉంది.