సున్నంతో గీసిన దారి

మా అబ్బాయి బొమ్మల పుస్తకంలో, చిక్కుదారుల్లోంచి కుందేలును క్యారెట్ దగ్గరికి చేర్చాలి. ఎటు వెళ్లినా దారి మూసుకుపోతుంటే వాడికి ఏడుపొచ్చేసింది. నాకు మా అత్తయ్య గుర్తొచ్చింది.

మాది కృత్తివెన్ను దగ్గర పల్లె. ఎనిమిదేళ్లప్పుడు, రొయ్యల చెరువు దగ్గరున్న నాన్నకి క్యారేజీ తీసుకెళ్తూ గట్ల మీద తప్పిపోయాను. అన్ని గట్లూ ఒకేలా ఉన్నాయి, ఎటు తిరిగినా నీళ్లే. ఎవరో ఇంటికి చేర్చారు గానీ, ఆ తర్వాత గట్టెక్కమంటే వణికిపోయేదాన్ని.

ఒకరోజు నాన్న చెల్లెలు, మా అత్తయ్య, నన్ను ఎండగట్టిన చెరువులోకి తీసుకెళ్లింది. పగుళ్లిచ్చిన మట్టి మీద, చెరువులో చల్లే సున్నంతో మలుపులు మలుపులుగా దారి గీసి, నడుమ క్యారేజీ పెట్టింది.

"వెళ్లి తెచ్చుకో తల్లీ. గీత మాత్రం దాటకు."

"తప్పిపోతానత్తా!"

"నేనిక్కడే ఉన్నాగా."

క్యారేజీ దగ్గరైనట్టే అయి మళ్లీ దూరమయ్యేది. తప్పానేమోనని ఏడుస్తూనే నడిచాను. చివరికి చేతికి అందింది.

"చూశావా! ఒక్కచోట కూడా తప్పలేదు," అంది అత్తయ్య.

నాకిక దారులన్నీ తెలిసిపోయాయనుకున్నాను. మర్నాడు గట్టెక్కాను. దారి చీలినచోట ఏడవలేదు, ఆగి నాన్న షెడ్డు ఎటుందో చూసుకున్నాను.

ఇప్పుడు ఆ సున్నపు దారిని గుర్తున్నంతవరకు కాగితం మీద గీసి చూస్తే, అందులో ఎక్కడా చీలికే లేదు. తప్పిపోదామన్నా వీల్లేని దారది. ఇన్నేళ్లూ నేనే గెలిచాననుకున్నాను!

ఆ కాగితం మా అబ్బాయి ముందు పెట్టాను.

"గీత మాత్రం దాటకు నాన్నా. నేనిక్కడే ఉన్నాగా."