గింజల ప్లాంటులో అడిగిన ప్రశ్నలు

పత్తి విత్తనాల కంపెనీలో నేను సిబ్బంది వ్యవహారాలు చూస్తాను. మా ఆఫీసు వనపర్తిలో, గోదాము నాగర్‌కర్నూలులో, గింజలు శుద్ధి చేసే ప్లాంటు గద్వాల బయట. ఒక ఏడాది సీజన్ మధ్యలోనే ప్లాంటు నుంచి చాలామంది మానేశారు. హైదరాబాదులో ఉండే మా డైరెక్టర్ ఫోన్ చేసి, "జనం ఎందుకు వెళ్లిపోతున్నారో తెలుసుకోండి. పేర్లు లేకుండా సర్వే చేద్దాం" అన్నారు. నాకు నిజంగానే సంతోషం వేసింది. అంతవరకు నా పనంతా హాజరు పట్టీలు, సెలవు చీటీలు. ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకిక్కడ ఎట్లా ఉందని అడిగే పని అదే మొదటిది.

ప్రశ్నలు హైదరాబాదు నుంచే వచ్చాయి. 'మీ పై అధికారి మీ అభిప్రాయాలను గౌరవిస్తారని భావిస్తున్నారా?' అన్నది అందులో మొదటిది. నాగర్‌కర్నూలు గోదాములో హమాలీలకు చదివి వినిపించి చూశాను. ఒకాయన, "మాకు అభిప్రాయాలు ఉంటయని మా సారుకు తెల్వదు మేడం" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, వనపర్తికి తిరిగొచ్చే బస్సులో ఆ మాట నన్ను వదల్లేదు.

ప్రశ్నలన్నీ మళ్లీ రాశాను. మీ సారు మిమ్మల్ని ఏమని పిలుస్తాడు, ఒంట్లో బాగాలేదంటే ఏమంటాడు, పనిచేసే చోట ఇబ్బంది పెట్టేది ఏమిటి, ఇట్లా. డైరెక్టర్ ఒప్పుకున్నారు. అయితే ప్రతి జవాబునూ చివరికి బాగుంది, పర్వాలేదు, బాగాలేదు అన్న మూడింటిలో ఒకదాని కింద వెయ్యమన్నారు. పైవాళ్లకు అంకెలు కావాలట.

గద్వాలలో ప్లాంటు మేనేజరు గింజలేరే ఆడవాళ్లందరినీ షెడ్డులో వరసగా కూర్చోబెట్టి, తాను తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. "ఈడ అందరం ఒక్కింటోళ్ల లెక్క ఉంటం మేడం, అడుగుండ్రి" అన్నాడు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలన్నాను. ముఖం ముడుచుకున్నాడు గానీ ఖాళీ సంచుల గది తాళంచెవి ఇచ్చాడు.

చాలామందికి చదవడం రాదు. ప్రశ్న చదివేదీ నేనే, జవాబు రాసుకునేదీ నేనే. పత్తి గింజకు అంటుకున్న నూగు పోవడానికి యంత్రంలో యాసిడ్ పోస్తారు. ఆ యంత్రం షెడ్డుకు ఆనుకునే ఉంది. దాని ఘాటు ఆ గదిలోకీ వచ్చి కాసేపటికే నా కళ్లు మండాయి. లోపలికి వచ్చినవాళ్లు మాత్రం "అంత మంచిగనే ఉంది" అని, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

మల్దకల్ దగ్గరి ఊరి నుంచి ఆటోలో పనికొచ్చే ఒకామె అట్లా వెళ్లిపోలేదు. నడివయసు మనిషి. భర్త బొంబాయికి కూలికి పోయి అక్కడే జబ్బు చేసి చనిపోయాడు. కూర్చుంటూనే దగ్గింది.

"పేరు రాస్తవా మేడం?"

"రాయను అక్కా. ఎవరు చెప్పిన్రో ఎవ్వరికీ తెల్వదు. భయపడకు."

"భయం గాదు. పేరు రాయకుంటే అది నేను చెప్పినట్ల ఎట్లయితది?"

పద్ధతి అంతే అక్కా అన్నాను. ఆమె కొంగు సర్దుకుని మొదలుపెట్టింది.

"యాసిడ్ పొగకు ఇంటికి పోయినంక గూడ ఊపిరాడదు. నా పక్కన కూసునే పిల్ల, కొత్తగ పెండ్లయింది, మొన్న కండ్లు తిరిగి పడ్డది. సారు మొకం మీద నీళ్లు కొట్టి బైట కూసోమన్నడు. పొగ బైటికి గుంజనీకె ఫ్యాన్లు పెట్టమంటే, ఇష్టముంటే చెయ్యి, లేకుంటే పో అన్నడు. గిదంత రాస్కో."

ఆమె మాటల్లోనే రాసుకున్నాను.

వనపర్తిలో కూర్చుని లెక్కలు తేల్చాను. గద్వాలది దాదాపు అంతా 'బాగుంది' కిందికే వచ్చింది. ఆమె చెప్పిందంతా 'పని పరిసరాలు' అన్నచోట 'బాగాలేదు' అని చూపే సన్నని ఎర్ర గీత అయింది. మనసొప్పక, నివేదిక చివర పేరు లేకుండా ఆమె మాటలు చేర్చాను. "ఒక్కరి మాటలు పెడితే అవి ఎవరివో తెలిసిపోతుందమ్మా. మనం మాటిచ్చాం కదా" అని డైరెక్టర్ తీయించేశారు. అది తప్పని నేను అనలేకపోయాను.

ఫలితాలు అందరికీ చెప్పాలని ఆయనే గద్వాల వచ్చారు. షెడ్డు గోడ మీద రంగుల గీతలు చూపించి, మన దగ్గర వాతావరణం బాగుందని సంతోషపడి, ఎవరికైనా చెప్పాల్సింది ఉందా అని అడిగారు. వెనక వరసలోంచి ఆమె లేచింది.

"సార్, ఆ గీతలల్ల నేను యాడున్న?"

డైరెక్టర్ నా వైపు చూశారు. "అందరి జవాబులూ కలిపితే వచ్చిన గీతలమ్మా ఇవి" అన్నారు.

"కలిపితే నా మాట వోయింది సార్. మల్ల చెప్త."

మేనేజరు అక్కడే ఉండగా అంతా చెప్పింది. మధ్యలో దగ్గు తెర వస్తే డైరెక్టర్ స్వయంగా నీళ్ల సీసా అందించి, తప్పకుండా చూస్తామన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఫ్యాన్లు వచ్చాయి. ఆమెను పనిలోంచి ఎవరూ తీసెయ్యలేదు. మాది సీజన్ పని. మరుసటి సీజన్‌కు పిలుపు వచ్చిన వాళ్లలో ఆమె లేదు, అంతే. మేనేజరును అడిగితే, "ఈసారి సరుకు తక్కువ మేడం, అందర్ని పిలుస్తలేం" అన్నాడు. డైరెక్టర్‌ను అడిగితే అది ప్లాంటు వాళ్ల నిర్ణయమన్నారు.

ఒక ఆదివారం ఆమె ఊరు వెళ్లాను. అరుగు మీద గోడకు ఆనుకుని ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి తనే చాప జరిపింది.

"నువ్వేం పరేషాన్ గాకు మేడం. గద్వాల దవాఖానల మందులిచ్చిన్రు. జర తగ్గితే మిరపకాయలు తెంపనీకె పోత." దగ్గి, "ఫ్యాన్లు తిరుగుతున్నయా?" అంది.

"తిరుగుతున్నయక్కా."

"మరి మంచిదే గద."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

తర్వాతి సర్వేకు మళ్లీ అదే సంచుల గదిలో కూర్చున్నాను. ఆమె పక్కన కూర్చునే, అప్పట్లో కళ్లు తిరిగి పడిన పిల్ల వచ్చింది. మొదటి ప్రశ్న పూర్తిగా చదవనివ్వలేదు.

"అన్ని మంచిగున్నయని రాస్కో మేడం. నాకు ఈ పని గావాలె."

రాసుకున్నాను. ఆ ఏడాది సర్వేలో మూడు చోట్లలోకీ గద్వాల ప్లాంటే ముందుంది. డైరెక్టర్ ఫోన్‌లో అభినందించారు, మేనేజరు లడ్డూలు పంచాడు. నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి తిన్నాను. లోపల ఆడవాళ్లు తలలు వంచుకుని గింజలు ఏరుతున్నారు. ఊళ్ల ఆటోలు వచ్చేదాకా ఒక్కరూ నా వైపు చూడలేదు.