ఎర్మెస్ దాటని గుమ్మం

రాత్రి భోజనాలయ్యి గిన్నెలు కడిగి బోర్లించాక ఒనేలియా ఇంట్లో ఉండేది కాదు. చేతులు సరిగ్గా ఆరకుండానే సందు దాటి ఎదురుగా ఉన్న పార్టీ ఆఫీసుకు వెళ్లిపోయేది. మా సందులో రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకరు దిగి గోడకు ఆనుకోవాలి. అందుకని ఆమె ప్రయాణం నాలుగడుగులే. కానీ ఆ నాలుగడుగులూ పరుగులాగే ఉండేవి.

వాళ్ల ఇంటికీ మా ఇంటికీ ఒకే గోడ. మా కిటికీ దగ్గర నా అల్లిక మిషను ఉండేది. ఐదో తరగతి కాగానే అమ్మ బడి మాన్పించి నన్ను దాని ముందు కూర్చోబెట్టింది. పక్క పట్నం కార్పి నుంచి వ్యాపారి నూలు తెచ్చి పడేసేవాడు, అల్లిన స్వెట్టరు ముక్కలు పట్టుకుపోయేవాడు. మిషను పిడిని కుడికీ ఎడమకీ తోయడానికి చేతులు చాలు, కళ్లతో పెద్ద పని లేదు. ఆ ఖాళీ కళ్లతోనే నేను ఎదుటి ఆఫీసు గదిని చూసేదాన్ని. ఒనేలియా గురించి నాకు తెలిసింది చాలావరకు అలా తెలిసిందే.

కాలికి బలపం కట్టుకుని పుట్టిందని ఆమెను ఊరంతా అనేది. పదిహేడేళ్లప్పుడు, జర్మన్ సైనికులు మా ఊళ్లో దిగి ఉన్న రోజుల్లో, సైకిలు హ్యాండిలు గొట్టంలో కాగితాలు చుట్టి పెట్టుకుని సెక్కియా నది గట్టు మీదుగా వాళ్లతో పోరాడే మన దళాలకు చేరవేసేది. జర్మన్లు పోయి విముక్తి వచ్చాక దళాలు కార్పి చౌకులో ఊరేగాయి. ఆడపిల్లలు మాత్రం పక్కన నిలబడి చూస్తే బాగుంటుందన్నారు, నలుగురూ నాలుగు మాటలంటారని. ఆ సలహా ఇచ్చినవాళ్లలో వడ్రంగి ఎర్మెస్ ఒకడు. ఆ మరుసటి ఏడు ఒనేలియా అతన్నే పెళ్లి చేసుకుంది. ఎందుకు చేసుకున్నావని మా అమ్మ అడిగితే, "ఊరేగింపులో నడవనివ్వలేదు గానీ, డాన్సులో చెయ్యి వదిలేవాడు కాదు లినా. ఆ రెండూ ఒకటేనని అప్పుడు నాకు తెలీలేదు," అంది.

ఎర్మెస్ చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, పరాయి ఆడవాళ్లను చూడడు. ఒనేలియాను పిలవకుండా ఉండలేడు, అంతే. ఉప్పెక్కడ, కళ్లద్దాలెక్కడ, ఆ కిటికీ ఎందుకు తెరిచావ్, ఎందుకు మూశావ్. ఆమె పక్కగదిలో కుర్చీ జరిపితే, "ఏమిటా చప్పుడు?" అనేవాడు. ఊళ్లో సోషలిస్టు శాఖకు సెక్రటరీ కూడా అతనే. ఆమె కూడా సభ్యురాలే. ఇద్దరూ కలిసే మీటింగులకు వెళ్లేవాళ్లు, కలిసే వచ్చేవాళ్లు.

అరవై నాలుగు జనవరిలో అది మారింది. సోషలిస్టులు చర్చి అండతో నడిచే పాదిరీల పార్టీతో కలిసి ప్రభుత్వంలో చేరారు. అది ఒప్పుకోనివాళ్లు దేశమంతటా బయటికి వచ్చేస్తున్నారు. మా ఊళ్లో శాఖ మీటింగు జరుగుతుండగా ఒనేలియా కుర్చీ వెనక్కి నెట్టి లేచిందట.

"కూర్చోవే, ఇంకా చేతులెత్తలేదు," అన్నాడట ఎర్మెస్ బల్ల వెనక నుంచి.

"ఎత్తినవాళ్లను లెక్కపెట్టుకో. నన్ను మాత్రం కలపకు," అని బయటికి వచ్చేసిందట. వెనక ఇంకొంతమంది వచ్చారు.

అలా పుట్టింది శ్రామిక ఐక్యతా సోషలిస్టు పార్టీ శాఖ. గుర్రపు జీనులు కుట్టే ఆయన చనిపోతే ఖాళీ అయిన దుకాణం, మా ఎదురుగా ఉన్నది, అద్దెకు తీసుకున్నారు. లోపల తోలు వాసన ఎన్నటికీ పోలేదు. గుమ్మం మీద భూగోళం, దానిపైన సుత్తి కొడవలి ఉన్న బోర్డు బిగించారు.

"చీలిపోయినవాళ్లు ఐక్యత అని పేరు పెట్టుకున్నారు. బట్టతలవాడు దువ్వెన కొన్నట్టుంది," అని ఎర్మెస్ బారులో నవ్వాడట.

"మీరు సోషలిస్టులని పెట్టుకోలేదూ? మేమేమైనా అన్నామా?" అంది ఒనేలియా, మర్నాడు రొట్టెల కొట్లో అందరి ముందూ.

అప్పటికి మా దేశంలో విడాకుల చట్టం లేదు. ఊళ్లో విడాకులు పుచ్చుకున్న మొదటి ఆడది ఒనేలియాయేనని మగవాళ్లు చమత్కరించేవాళ్లు.

ఎర్మెస్ ఆ గుమ్మం ఎన్నడూ దాటలేదు. ఒక పార్టీ సెక్రటరీ పిలవకుండా ఇంకో పార్టీ ఆఫీసులో కాలు పెట్టడు. మా వైపు అది చర్చిలో టోపీ తీయడం కన్నా గట్టి మర్యాద. అతను సందులో, సరిగ్గా బోర్డు నీడ పడేచోటికి ఇవతల నిలబడి, లోపలికి తొంగి కూడా చూడకుండా పిలిచేవాడు.

"ఒనేలియా, ఇస్త్రీ చొక్కా ఎక్కడుంది?"

"రెండో అరలో."

"సాక్సులు?"

"అవి కమ్యూనిస్టుల మూడో ఇంటర్నేషనల్‌ని అడుగు!"

గదిలో ఎవరైనా ఉంటే నవ్వు వినబడేది. అతను గొణుక్కుంటూ ఇంటికి పోయేవాడు.

చాలా సాయంత్రాలు గదిలో ఎవరూ ఉండేవారు కాదు. మొదట్లో ఆమె ఏం చేస్తుందోనని నేను తెగ చూసేదాన్ని. పోస్టర్లకు పిండి జిగురు ఉడికించేది, నేల ఊడ్చేది, పొయ్యి రాజేసేది. ఒకరోజు అవేవీ చేయలేదు. బూట్లు విప్పింది. పాదాలు ఎదుటి కుర్చీ మీద పెట్టింది. చేతులు ఒళ్లో వదిలేసి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. కుట్టు లేదు, బఠాణీలు ఒలవడం లేదు, పత్రిక కూడా లేదు. ఒక ఆడది ఏమీ చేయకుండా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. దొంగతనం చూసినట్టనిపించింది. నా చేతిలో పిడి ఆగిపోయిందని అమ్మ కేకేస్తే గానీ తెలియలేదు.

ఆమెకు ఆ పార్టీతో ఏం పనో నాకు అప్పుడు అర్థమైంది. అంటే సిద్ధాంతం లేదని కాదు. సమ్మెలకు వెళ్లేది, ఎన్నికలప్పుడు సైకిలు మీద పల్లెలన్నీ తిరిగేది. అరవై ఎనిమిదిలో ముసలి అత్తగారికి కూడా ఓటు వేయడం నేర్పింది. సుత్తి కొడవలి చూసి పెన్సిలుతో ఇంటూ పెట్టమంది. చీటీ మీద సుత్తి కొడవళ్లు మూడున్నాయి. పెద్దామె మూడింటి మీదా పెట్టి వచ్చింది. "నీకొకటి, నా కొడుక్కొకటి, పక్కింటి కమ్యూనిస్టులకొకటి. ఎవరూ నొచ్చుకోకూడదు కదమ్మా," అంది.

డెబ్బై రెండు మే ఎన్నికల్లో ఆ పార్టీకి దిగువ సభలో ఒక్క సీటూ రాలేదు. జూలైలో రోమ్‌లో పెద్దలు కూర్చుని రద్దు చేశారు. ఎక్కువమంది కమ్యూనిస్టుల్లోకి, కొందరు తిరిగి సోషలిస్టుల్లోకి, ఇంకా కొందరు మరెక్కడికో. ఆ వారం ఒనేలియా సందులో నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగేది, మళ్లీ నడిచేది.

ఆమె కోసం రెండు పార్టీలవాళ్లూ వచ్చారు. కమ్యూనిస్టుల ప్రజాభవనం నుంచి తోస్కా వచ్చింది. చేతులు ఊపుతూ పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి.

"మాలో చేరవే. సెప్టెంబరులో పార్టీ పండక్కి గ్నోకో రొట్టెలు వేయించడానికి నీలాంటి చేతులు కావాలి. నూనె బాణలి నీకే అప్పజెప్తాం!"

"చేతులు సరే తోస్కా. నేను కూర్చోడానికి అక్కడ చోటుందా?"

"కూర్చోడమేమిటే? ఎనిమిది వందల మంది తింటారు!"

ఎర్మెస్ ఇంట్లోనే అడిగాడు. గోడ ఒకటే కాబట్టి మాకు వినబడింది.

"తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది ఒనేలియా. పాత కుర్చీ అలాగే ఉంచాను. రోజూ సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్దాం."

"కలిసి వెళ్లి, కలిసి రావాలి."

"అవును. అంతకన్నా ఏం కావాలి?"

తర్వాత గిన్నెల చప్పుడు వినబడింది.

శాఖ చివరి మీటింగు ఆదివారం పొద్దున జరిగింది. ఎండకు తలుపు తెరిచి పెట్టారు. సెక్రటరీ గలియానో, బస్సు డ్రైవరు, ఓటింగు పెట్టాడు. పదకొండు చేతులు కమ్యూనిస్టుల వైపు లేచాయి, నాలుగు సోషలిస్టుల వైపు. ఒనేలియా రెండుసార్లూ చేతులు కట్టుకునే ఉంది.

"నీ చెయ్యేది కామ్రేడ్?" అన్నాడు గలియానో.

"పార్టీని రద్దు చేసుకోండి. గదినెందుకు రద్దు చెయ్యడం?"

అందరూ నవ్వారు. "పార్టీ లేని పార్టీ ఆఫీసా? ఎవరి కోసం?"

ఆమె మెడ దాకా ఎర్రబడింది.

తర్వాత సామాన్లు పంచుకున్నారు. తలకొక కుర్చీ చొప్పున, దామాషా పద్ధతిలో. పదకొండు అటు, నాలుగు ఇటు. ఒకటి మిగిలింది. నలుగురిలో ఒకడు దాన్ని కూడా ఎత్తబోతే గలియానో గద్దించాడు.

"దించు! మైనారిటీకి వాటా ఇవ్వకపోతే మనకూ పాదిరీలకూ తేడా ఏముంది?"

"మైనారిటీ ఎవరు? ఒక్క మనిషే కదా!"

"ఒక్క మనిషైనా మైనారిటీయే."

అప్పుడు ఒనేలియా, సన్ మార్తినో పండుగ దాకా గది అద్దె కట్టేసే ఉందని గుర్తుచేసింది. మా వైపు ఇళ్ల ఒప్పందాలన్నీ నవంబరులో ఆ పండుగకే ముగుస్తాయి. "కుర్చీతో పాటు ఆ నాలుగు నెలలూ నా వాటాలో వెయ్యండి," అంది. ఖాళీ గది ఎవరికీ అక్కర్లేదు, సరేనన్నారు. బోర్డు మాత్రం విప్పేశారు. లేని పార్టీకి బోర్డు ఉండకూడదట. నాలుగు మరలు తీసి గలియానో దాన్ని చంకలో పెట్టుకుని పోయాడు. గుమ్మం పైన గోడ మీద తెల్లటి చదరం మిగిలింది.

మర్నాటి సాయంత్రం ఒనేలియా గదికి వెళ్లింది. కాసేపటికి ఎర్మెస్ సందులోకి వచ్చాడు. మామూలుగా నిలబడేచోట నిలబడ్డాడు. తలెత్తి ఆ తెల్లటి చదరం చూశాడు. తర్వాత మెట్టెక్కి లోపలికి వెళ్లాడు.

"ఇక్కడ మన ఇంట్లో కన్నా చల్లగా ఉందే!" అన్నది నాకు వినబడింది. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని పత్రిక విప్పాడు. గోడకు ఆనుకుని నిలబడింది ఒనేలియా.

"వినవే, మిలాన్‌లో ఏం జరిగిందో..."

రోజూ అదే. అతను వచ్చేవాడు, కూర్చునేవాడు, పత్రిక పైకి చదివేవాడు, కళ్లద్దాలు అడిగేవాడు. అతనికి నిజంగా సంతోషంగా ఉంది. ఎనిమిదేళ్ల దూరం తీరిపోయిందనుకున్నాడేమో. ఆమె మొదట ఆ గదిలోనే గోడ నుంచి గోడకు నడిచింది. తర్వాత అతన్ని అక్కడే వదిలేసి సందులో నడిచింది, ఆ తర్వాత నది గట్టు దాకా. పని లేకుండా తిరిగే ఆడదాన్ని బారు ముందు మగవాళ్లు ఊరుకుంటారా? "ఒనేలియా, కొత్త పార్టీ వెతుక్కుంటున్నావా?" అని ఒకడు, "మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది!" అని ఇంకొకడు. ఆమె తిరిగొచ్చేసరికి ముఖం పీక్కుపోయి ఉండేది. నిలబడీ ఉండలేదు, కూర్చోడానికీ చోటు లేదు. చూస్తూ చూస్తూ నేను రెండు స్వెట్టరు ముక్కలు పాడుచేశాను.

ఆగస్టులో ఒక సాయంత్రం ఆమె గిన్నెలు కడగలేదు. తినీ తినగానే సందు దాటి, గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. ఎర్మెస్ చంకలో పత్రికతో వచ్చి తలుపు తోశాడు. తర్వాత తట్టాడు.

"ఏమైంది? గడియెందుకు పెట్టావ్?"

"లోపల మీటింగ్ జరుగుతోంది."

"ఏం మీటింగ్? పార్టీయే లేదు కదే!"

"మైనారిటీ ఉందిగా."

"ఎవరెవరున్నారు?"

అతను చెవి తలుపుకు ఆనించాడు. అప్పుడు ఆ గది కిటికీ తెరుచుకుంది. ఆమె కళ్లు నేరుగా నా మీద పడ్డాయి. ఇన్నేళ్లూ నేను చూస్తున్నట్టు ఆమెకు తెలుసనుకోలేదు.

"వాండా! ఆలస్యమైపోయింది. రావేం?"

నేను పిడి వదల్లేదు. వెనక నుంచి అమ్మ మెల్లగా అంది, "వెళ్లవే. వెళ్లకపోతే ఆమెది అబద్ధమైపోతుంది."

సందు దాటాను. ఎర్మెస్ గుమ్మంలోనే ఉన్నాడు. నన్ను చూసి, ఏం తోచిందో, పక్కకు తప్పుకుని టోపీ తీశాడు.

"మీటింగుకా అమ్మాయ్?"

"అవునండి."

"విషయమేమిటో?"

బయటివాళ్లతో మాట్లాడడం నాకు అలవాటు లేదు. "అది... లోపలి విషయమండి," అన్నాను ఎలాగో.

అతను తల ఊపాడు. "అంతే, అంతే. లోపలి విషయం బయట చెప్పకూడదు," అని మెట్టు దిగి సందులో నిలబడ్డాడు.

ఒనేలియా నన్ను లోపలికి లాగి మళ్లీ గడియ పెట్టింది. కుర్చీ నాకిచ్చింది. తను గోడ నుంచి గోడకు తిరుగుతూ బయటి చప్పుడు వింటోంది. అడుగులు కదలలేదు.

"సన్ మార్తినో దాకా ఇలా ఆపగలం," అంది గొంతు తగ్గించి.

"తర్వాతో అక్కా?"

ఆమె ఇంకా వేగంగా తిరిగింది.

"ఒనేలియా, ఎంతసేపవుతుంది?" బయటి నుంచి ఎర్మెస్.

"చర్చ నడుస్తోంది!" అని అరిచి, నా వైపు వంగింది. "ఏదైనా మాట్లాడు వాండా. గట్టిగా. లేకపోతే నమ్మడు."

నాకేం తెలుసు మాట్లాడడానికి? నోరు తెరిస్తే వచ్చింది ఒక్కటే. కార్పి వ్యాపారి గురించి. మిషను సూది విరిగితే మా తప్పేనంటాడని, తడిసిన నూలు ఇచ్చి ముక్క వంకరగా వచ్చిందంటాడని, అమ్మ చేతి వేళ్లు పొద్దునే ముడుచుకోవని. మొదలుపెట్టాక ఆగలేదు. ఒనేలియా నడక ఆపింది. నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఇంకా ఎవరికి ఇలా జరుగుతోంది?"

"ఈ సందులో అందరికీ. మూల ఇంట్లో జెమ్మా వాళ్లకీ. గట్టు పక్క ఇళ్లలో..." అంటూ, బయట అడుగులు కదిలాయేమోనని తలుపు వైపు చూసి మాట మింగేశాను.

"ఆపకు," అంది ఒనేలియా, గడియ మీద చెయ్యి పెట్టి. "ఆపితే తలుపు తియ్యాల్సొస్తుంది."