గంటలో సీసం

మా చర్చిలో ఫ్యాను రెక్కల మీద, బల్లల వీపుల మీద, ఆఖరికి చెప్పులు విడిచే మెట్టు మీద కూడా ఎవరో ఒకరి జ్ఞాపకార్థం అని రాసి ఉంటుంది. పోయినవాళ్లే మమ్మల్ని కూర్చోబెట్టి గాలి విసురుతారు. అక్కడ పేరు పడాలంటే ముందు చావాలన్నమాట అని నేను విసుక్కునేదాన్ని. తొంభైల చివర్లో, హంసలదీవి దగ్గరి మా పేటలో పాత ఇనుప గంట తుప్పు పట్టి ఊడిపడింది. కంచు గంట పోయిద్దామనుకున్నప్పుడూ అదే పద్ధతి పెట్టారు. ఎవరింట్లో పోయినవాళ్ల వస్తువు వాళ్లు తెచ్చి, గుడివాడలో గంటలు పోసే ఆయన దగ్గర, లోహం కరిగించే మూసలో తమ చేత్తోనే వెయ్యాలి.

ఒకావిడ చనిపోయిన కొడుకు పాలు తాగిన కంచు గిన్నె తెచ్చింది. ఇంకొకావిడ వాళ్లమ్మ ఇత్తడి చెంబు తెచ్చింది. మా అమ్మ దగ్గర ఏముంది, నా మొహం! నాన్న వేటకెళ్లిన బోటు తిరిగి రాలేదు. శవం దొరకలేదు, సమాధి లేదు. మిగిలిందల్లా ఆయన పాత వల, అది నీళ్లలో మునగడానికి అంచున కట్టిన సీసం గుళ్లు. అమ్మ కూర్చుని ఒక్కొక్కటే కోసి తీసింది. సీసం బరువు కదా, గంట బరువెక్కితే మోత సముద్రం దాకా వెళ్తుందని ఆమె ఆశ. పేటలో అందరూ అవునన్నారు. బరువుంటేనే వల సరిగ్గా పడుతుందని తెలిసిన మనుషులం, గంటకూ అదే వర్తిస్తుందనుకున్నాం.

గుడివాడలో పోతపోసే ఆయన అటు తిరిగి బొగ్గులు ఎగదోస్తున్నాడు. అమ్మ తువ్వాలు మూట విప్పి గుళ్లు మూసలోకి జారవిడిచింది. పక్కన ఆడవాళ్లు పాట పాడుతున్నారు. అమ్మ పాడలేదు. సీసం క్షణంలో కరిగి, మిగతా లోహంలో కనపడకుండా పోయింది.

గంట చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మొదటి ఆదివారం మోగిస్తే మాత్రం జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తడి గోనెసంచిని కర్రతో బాదినట్టు దబ్బుమంది. కుర్రకారు దానికి జలుబు గంట అని పేరు పెట్టారు. అమ్మకు ఆ మోతే నచ్చింది. నాన్న గొంతు కూడా అంతేనట, బొంగురు. గంట వినపడినప్పుడల్లా చేస్తున్న పని ఆపి, కొంగు తల మీద వేసుకుని, అది ఆగేదాకా నిలబడేది. అలా నిలబడ్డ మనిషిని చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది.

అప్పుడు నేను బందరులో డిగ్రీ చదువుతున్నాను. మోత ఎందుకిలా వస్తోందో తేల్చుకుందామని గంట అంచున చిన్న ముక్క కోయించి తీసుకెళ్లి మా కెమిస్ట్రీ మేడంకి ఇచ్చాను. ఆవిడ దాన్ని అద్దంలా అరగదీసి, మందు రాసి, మైక్రోస్కోపు కింద పెట్టారు. బంగారు రంగు పలుకులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. రాగి, తగరం, ఇత్తడిలోని తుత్తునాగం అన్నీ వాటిలో ఏకమైపోయాయి. ఏది ఎవరింటిదో ఇక చెప్పలేం. పలుకుల సందుల్లో మాత్రం నల్లటి చుక్కలున్నాయి. అదే సీసం, అన్నారు మేడం. కరిగి ఉన్నంతసేపూ కంచుతో కలిసి తిరుగుతుంది గానీ, చల్లారేటప్పుడు అందులో ఇమడదు, వేరుపడి చుక్కలుగా ఉండిపోతుంది. మెత్తటిది కాబట్టి గంట అదురును మింగేస్తుంది, మోత సాగనివ్వదు. నేను ఆ చుక్కల మీంచి కన్ను తియ్యలేకపోయాను. అన్నేళ్లకు నాన్న కనపడ్డాడు నాకు. ఏమైందమ్మా అని మేడం అడిగితే కంట్లో నలుసు పడిందన్నాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"అంటే ఆయన అందులో కలిసిపోలేదా? విడిగానే ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా, చుక్కలు చుక్కలుగా."

ఆ పూట అమ్మ రెండు ముద్దలు ఎక్కువే తింది. నన్ను దేనికీ తిట్టలేదు కూడా.

ఇలాంటివి పేటలో దాగుతాయా! నెల తిరక్కుండానే గంట సంగతి తేల్చడానికి సంఘం కూర్చుంది. కంచు కరక్కుండా సీసం మాత్రమే కరిగేంత వేడిలో గంటను ఉంచితే సీసం చెమటలా కారిపోతుందని, చాలావరకు పోయాక కొత్త రాగి, తగరం చేర్చి మళ్లీ పోస్తానని గుడివాడ ఆయన కబురు పంపాడు. పాస్టరు అయ్యగారు మంచి మనిషి. నీకిష్టం లేకపోతే గంట ఇలాగే ఉండనిద్దామమ్మా అన్నారు. మాటవరసకు కాదు, మనస్ఫూర్తిగానే అన్నారు. ఒప్పుకోవద్దని నేను అమ్మ చెయ్యి నొక్కి పట్టుకున్నాను. కంచు గిన్నె ఇచ్చినావిడ తల వంచుకుని కూర్చుంది. అమ్మ ఆవిడ వంకే చూస్తూ ఉంది.

"తీయించెయ్యండి అయ్యగారండీ," అంది చివరికి. "ఈయన మూలంగా ఆ బిడ్డ గొంతు బయటికి రావట్లేదు."

మళ్లీ పోసిన గంట మొదటి దెబ్బకే ఖంగుమంది. కాలవ అవతల చేలల్లో ఉన్నవాళ్లు కూడా తలెత్తి చూశారట. చర్చిలో ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు. గిన్నె ఇచ్చినావిడ నా తండ్రే, నా తండ్రే అని కొడుకును పిలుస్తూ ఏడ్చింది. మా అమ్మ కొంగు తల మీద వేసుకుని నిలబడింది. మోత ఆగిపోయింది. అందరూ కూర్చున్నారు. అమ్మ ఇంకా నిలబడే ఉంది. కూర్చోమ్మా అని భుజం మీద చెయ్యి వేశాను.

"అందరూ వచ్చారే," అంది. "మీ నాన్నే రాలేదు."