గడప దాటేదాకే

సిద్దిపేటలో గజ్వేల్ బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దమ్మ ఫోన్లో పాత సినిమా చూస్తోంది. నేను చిన్నప్పుడు చూసిందే. మొగుడు చెంప పగలగొట్టాడు, హీరోయిన్ పెట్టె పట్టుకొని గడప దాటింది. పెద్దమ్మ ఠక్కున ఫోన్ కట్టేసింది.

“ఇంకా పావుగంట ఉంది గదా పెద్దమ్మా. ఆమె తిరిగొచ్చి కాళ్ల మీద పడతది,” అన్నాను.

“ఎరికే బిడ్డా. పెండ్లైన కొత్తల టాకీసుల ఆమె తిరిగొచ్చుడు చూసి, మంచిగైందని ఏడ్సిన. ఇప్పుడు ఫోను నా చేతుల ఉన్నది. ఆమెను మళ్ల గా ఇంటికి నేను పోనియ్య.”

మొన్న టీవీలో అదే సినిమా వచ్చింది. హీరోయిన్ గడప దాటగానే రిమోట్ నొక్కాను.

“ఇంకా అయిపోలే గదా?” అన్నాడు మా ఆయన.

“అయిపోయింది,” అన్నాను.